వీల్ చెయిర్ వేసిన మార్కు

మా మావయ్య ఫైల్లో పైన ఒక మూల చిన్నగా "పీఎస్ 3" అని రాసి ఉంది. అదే ఫైల్లో స్కాన్ రిపోర్టు, బయాప్సీ రిపోర్టు, నాలుగు పేజీల రక్తపరీక్షలు ఉన్నాయి. వాటిలో ప్రతి అంకెకూ పక్కన యూనిట్లున్నాయి, కింద సంతకాలున్నాయి. ఈ ఒక్క 3కు మాత్రం ఎవరు కొలిచారో, ఎలా కొలిచారో ఎక్కడా లేదు. ఆ రోజు జరిగిన నిర్ణయమంతా దాని మీదే నిలబడింది. "ఈ ఓపికతో కీమో తట్టుకోలేరమ్మా. ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి. ఆయాసానికీ నొప్పికీ మందులు రాస్తాను" అన్నారు డాక్టరుగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. పదిహేనేళ్ళుగా నా పనంతా ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళతోనే. మనిషిని నడిపించడం, ఎంత దూరం నడిచాడో రాసుకోవడం నేను రోజూ చేసేదే. అయినా ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది, ఇంకేమీ తోచలేదు. అడగాల్సింది తిరుగు ప్రయాణంలో బస్సులో తోచింది.

"మావయ్యా, పొద్దున్నే టీకొట్టు దాకా వెళ్తున్నావా ఇంకా?"

"వెళ్ళకేం. పేపరు వచ్చేది అక్కడికే గదా."

"నడిచేనా?"

"మరెట్లా పోతా?"

"మరి డాక్టరుగారి గదిలో వీల్ చెయిర్లో ఎందుకు కూర్చున్నావు?"

"కూర్చోమన్నారు, కూర్చున్నా."

అంతే జరిగింది. మావయ్యది కందుకూరు దగ్గర పల్లె. నలభై ఏళ్ళు పొగాకు వేశాడు, ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ రాత్రిళ్ళు గడిపాడు, చుట్ట కాల్చాడు. డెబ్బై ఒకటో ఏట కుడి ఊపిరితిత్తిలో కణితి బయటపడింది. ఎడమ వైపు కూడా మచ్చలున్నాయి కాబట్టి నాలుగో స్టేజీ అన్నారు. ఆ రోజు తెల్లారి మూడింటికి లేచి, ఏమీ తినకుండా బస్సెక్కి, ఆసుపత్రి గేటు దగ్గర దిగేసరికి వాడిపోయి ఉన్నాడు. అటెండరు చూసి వీల్ చెయిర్ తెచ్చాడు. ఓపీ చాలా లోపలికి, పెద్దాయన అంత దూరం ఎందుకు నడవాలని దయతోనే తెచ్చాడు. మావయ్య మూడు గంటలు అందులో కూర్చుని, అందులోనే గదిలోకి వెళ్ళాడు. ఇంట్లో ఎలా ఉంటున్నారని డాక్టరుగారు అడిగితే అత్త, "ఎప్పుడూ పడుకునే ఉంటున్నారండీ" అంది. అత్త అబద్ధమాడలేదు. యాభై ఏళ్ళ కాపురంలో పగటిపూట మంచమెక్కని మనిషి మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటుంటే ఆమెకు అది ఎప్పుడూ పడుకోవడమే.

వీల్ చెయిరూ, ఆ ఒక్క మాటా కలిసి 3 అయ్యాయి.

ఆ 3 ఏమిటో చెప్పాలి. క్యాన్సర్ డాక్టర్లు దీన్ని పర్ఫార్మెన్స్ స్టేటస్ అంటారు, ఓపీలో పీఎస్ అనో ఈకాగ్ అనో వినిపిస్తుంది. సున్నా అంటే జబ్బుకు ముందు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడని. 1 అంటే బరువు పనులు చేయలేడు, తేలికపాటివి చేస్తాడు. 2 అంటే తన పనులు తను చేసుకుంటాడు గానీ ఉద్యోగం, వ్యవసాయం లాంటివి చేయలేడు, మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా లేచి తిరుగుతాడు. 3 అంటే ఆ సగానికి పైగా మంచం మీదో కుర్చీలోనో గడుపుతాడు. 4 అంటే పూర్తిగా మంచానికే. 5 అంటే మనిషి లేడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మామూలు కీమో ఇవ్వచ్చా వద్దా అన్న గీత ఎక్కువగా 2కూ 3కూ మధ్యనే పడుతుంది. అంటే మా మావయ్యకు ఆ గీత ఇవతలి పక్కనా అవతలి పక్కనా అన్నది, పొద్దున గేటు దగ్గర ఎవరు ఏ బండి తెచ్చారన్నదాన్ని బట్టి తేలింది.

ఇలాంటి కొలమానం మొట్టమొదట పుట్టింది కూడా ఈ జబ్బు దగ్గరే. 1948లో అమెరికాలో డేవిడ్ కార్నోఫ్‌స్కీ, ఆయన సహచరులు నైట్రోజన్ మస్టర్డ్ అనే మందు మీద ఒక వ్యాసం రాశారు. అందులో ముఖ్యంగా చూసింది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులనే. కణితి ఎంత తగ్గిందన్నది ఒక్కటే చాలదనీ, మనిషి తన పని తాను చేసుకోగలుగుతున్నాడా అన్నదీ రాయాలనీ వాళ్ళనుకున్నారు. వంద నుంచి సున్నా దాకా పదేసి చొప్పున దిగే కార్నోఫ్‌స్కీ స్కేలు అలా వచ్చింది. తర్వాత 1960లో జూబ్రాడ్ బృందం దాన్ని కుదించింది. ఈకాగ్ అనే అమెరికన్ క్యాన్సర్ పరిశోధకుల బృందం పేరుతో మనం ఇప్పుడు వాడే రూపం 1982లో అచ్చయింది. రోగిని కణితితో కాకుండా మనిషితో కొలవాలన్న ఆ తొలి ఆలోచన మీద నాకు చాలా గౌరవముంది. నా గొడవ అంతా దాన్ని వాడే పద్ధతితో. డెబ్బై ఏళ్ళకు పైగా గడిచాక కూడా మనం ఆ అంకెను కంటితో చూసి వేస్తున్నాం. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లోనే బ్రిటన్‌లోనూ జపాన్‌లోనూ డాక్టరు వేసిన అంకెనూ, రోగి తనకు తాను వేసుకున్న అంకెనూ పక్కపక్కన పెట్టి చూశారు. చాలామందిలో కలవలేదు. ఎక్కువగా డాక్టర్లు రోగి ఉన్నదానికన్నా బాగున్నాడనుకున్నారు. మా మావయ్య విషయంలో తప్పు రెండో వైపు జరిగింది. తప్పు ఎటు జరిగినా కారణం ఒక్కటే: ఎవరూ నడిపించి చూడలేదు.

ఆదివారం మావయ్యను నేను పనిచేసే చోటికి రమ్మన్నాను. ఆదివారమే ఎందుకంటే, ఆరు నిమిషాల నడక పరీక్షకు 30 మీటర్ల తిన్నని దారి కావాలి. మిగతా రోజుల్లో మా ఓపీ వరండాలో మూడు మీటర్లు కూడా ఖాళీ ఉండదు. దారి పొట్టిదైతే ఊరుకుందామంటే కుదరదు. తిరగాల్సిన మలుపులు పెరిగి మనిషి నడిచే దూరం తగ్గిపోతుంది. టేపుతో కొలిచి, మూడేసి మీటర్లకు ఒకచోట నేల మీద ఎర్ర ఇన్సులేషన్ టేపు ముక్క అంటించాను. రెండు చివర్లా ఖాళీ నీళ్ళ క్యాన్లు పెట్టాను. మధ్యలో ఒక కుర్చీ, చేతిలో స్టాప్‌వాచ్, మావయ్య వేలికి పల్స్ ఆక్సీమీటరు. పరీక్షకు ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి బీపీ, నాడి చూశాను. ఈ నెలలో గుండెనొప్పేమైనా వచ్చిందా అని అడిగాను. ఇవి చూసుకోకుండా ఎవరూ ఇంట్లో ఈ పరీక్ష చేయొద్దు.

ఈ పరీక్ష పద్ధతిని అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో అక్షరం అక్షరం రాసిపెట్టింది. దీని మొదలు ఇంకా వెనక ఉంది. 1968లో కెన్నెత్ కూపర్ అనే అమెరికన్ డాక్టరు అక్కడి వైమానిక దళం వాళ్ళను పన్నెండు నిమిషాలు పరిగెత్తించి కొలిచాడు. 1976లో బ్రిటన్‌లో దాన్ని దగ్గు ఆయాసం రోగుల కోసం పన్నెండు నిమిషాల నడకగా మార్చారు. అది వాళ్ళకు మరీ ఎక్కువైతే 1982లో ఆరు నిమిషాలకు దించారు. చూడటానికి ఇందులో ఏముంది, నడవడమే కదా అనిపిస్తుంది. కానీ రోగి పక్కన మనం నడవకూడదు. నడిస్తే మన వేగాన్ని అతను అందుకుంటాడు. నిమిషానికొకసారి మాట్లాడాలి, అదీ రాసిపెట్టిన మాటే, ఒకే గొంతుతో. "బాగా నడుస్తున్నారు, ఇంకా 5 నిమిషాలుంది." "అలాగే నడవండి, ఇంకా 4 నిమిషాలుంది." అంతకుమించి ఒక్క మాట అనకూడదు. ఎందుకంటే ఉత్సాహపరిస్తే జనం ఎక్కువ నడుస్తారు. ఇవాళ ఉత్సాహపరిచి రేపు ఊరుకుంటే, తేడా జబ్బుదో మన గొంతుదో తెలియదు. అలసిపోతే ఆగొచ్చు, గోడకు ఆనుకోవచ్చు. గడియారం మాత్రం ఆగదు.

"వీలైనంత దూరం నడవండి" అని, మావయ్యను మొదటిసారి "అండీ" అంటూ మొదలుపెట్టించాను. అత్త తలుపు దగ్గర నిలబడి "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటుంటే ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది.

పంచె ఎగ్గట్టి, చెప్పులు వేసుకుని నడిచాడు. మొదటి రెండు చుట్లు పొలం గట్టు మీద నడిచినట్టే నడిచాడు. మూడో చుట్టులో చెప్పు ఈడ్చే చప్పుడు మొదలైంది. నాలుగో నిమిషం దాటాక కిటికీ ఊచ పట్టుకుని ఆగాడు. నా నోటి దాకా వచ్చిన మాట మింగుకుని వాచీ చూస్తూ నిలబడ్డాను. పద్దెనిమిది సెకన్లు. మళ్ళీ కదిలాడు. ఆరు నిమిషాలకు 312 మీటర్లు. అరగంట కూర్చోబెట్టి రెండోసారి నడిపించాను. రెండోసారి నడిస్తే దూరం కాస్త పెరగడం మామూలే, దారి అలవాటవుతుంది. అందుకే రెండూ చేసి పెద్దది రాసుకుంటాం. 336. ఆక్సిజన్ 96 నుంచి 91కి దిగింది. సున్నా నుంచి పది దాకా ఉండే బోర్గ్ స్కేలు చూపించి ఆయాసం ఎంతని అడిగితే 3 దగ్గర వేలు పెట్టాడు. అలసట ఎంతంటే 6.

"ఊపిరాడకనా మావయ్యా ఆగింది?"

"ఊపిరికేం. తొడలు పీకుతున్నయ్ అమ్మాయ్. కాళ్ళు నావి కానట్టున్నయ్."

నాకు 336 కన్నా ఎక్కువ చెప్పింది ఈ మాటే. ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే అందరం ఊపిరి గురించే అనుకుంటాం. చాలామందిని ఆపేది తొడ కండ. తిండి తగ్గుతుంది, జబ్బు కండను తింటుంది, "కదలకండి, విశ్రాంతి తీసుకోండి" అని ఇంట్లోవాళ్ళం మిగిలింది కూడా పోగొడతాం. కణితిని నేనేమీ చేయలేను. తొడ కండతో చేయగలిగింది చాలా ఉంది.

వివరమంతా ఒక పేజీలో రాసి, అదే డాక్టరుగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. ఈసారి గేటు దగ్గర వీల్ చెయిర్ వద్దన్నాం. రోజుకు డెబ్బై ఎనభై మందిని చూసే మనిషి, తలెత్తి మాట్లాడే తీరిక లేని మనిషి, ఆ పేజీ రెండుసార్లు చదివారు. మావయ్యను లేచి తలుపు దాకా వెళ్ళి రమ్మన్నారు. పొద్దున్నుంచి ఏమేం పనులు చేసుకుంటారో మావయ్యనే అడిగారు. పెన్ను తీసి 3 కొట్టేసి 2 రాశారు. మోతాదు కాస్త తగ్గించి కీమో మొదలుపెడదామన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన చేతికి మేమే కొలత ఇవ్వలేదు. ఆ కొలత ఇచ్చే మనిషిని క్యాన్సర్ ఓపీలో కూర్చోబెట్టాలని ఎవరికీ తోచకపోవడం మీదే నా కోపం.

తప్పు ఇంకో వైపు జరిగినప్పుడు ఎంత కీడో కూడా చూశాను. ఒకామె, యాభై దాటినావిడ, జీవితంలో పొగ తాగని మనిషి, చిన్నప్పటి నుంచి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషి. ఉతికిన చీర కుచ్చిళ్ళు పోసి కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. "బాగానే ఉన్నానండీ" అంది. భర్త, "ఇంటిపనంతా తనే చేసుకుంటదండి" అన్నాడు. ఫైల్లో 1 అని ఉంది. ఈకాగ్ వివరణలోనే 1కి ఉదాహరణగా తేలికపాటి ఇంటిపని అని ఉంటుంది కాబట్టి రాసినవాళ్ళ తప్పేమీ లేదు. నడిపిస్తే ఆరు నిమిషాల్లో రెండుసార్లు కూర్చుని 205 మీటర్లు నడిచింది. ఆక్సిజన్ 84కి పడిపోయింది. తర్వాత ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి వంట ఎలా చేస్తున్నావమ్మా అని అడిగాను. నాలుగింటికి లేస్తుందట. ఉల్లిపాయలు మంచం మీద కూర్చుని కోసుకుని, కాసేపు పడుకుంటుందట. బియ్యం కడిగి, మళ్ళీ పడుకుంటుందట. పొయ్యి దగ్గర ఎత్తుపీట వేసుకుని కూర్చుని కలుపుతుందట. ఎనిమిదింటికి కంచాల్లో అన్నం ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ 1ని నమ్మి పూర్తి మోతాదు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలుచుకోలేదు. ఆడవాళ్ళ విషయంలో "ఇంటిపని చేసుకుంటున్నారా?" అన్నది పనికిరాని ప్రశ్న. చేసుకోలేకపోతున్నానని ఒప్పుకునే అలవాటు వాళ్ళకు మనం చేయలేదు. ఎంతసేపు పడుతోంది, మధ్యలో ఎన్నిసార్లు కూర్చుంటున్నావు అని అడగాలి.

ఈ మీటర్లకు విలువుందా అని అడిగేవాళ్ళకు చెప్పడానికి నా దగ్గర మావయ్య ఒక్కడే లేడు. 2012లో లీ జోన్స్ బృందం అమెరికాలో ఇతర భాగాలకు పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 118 మందిని ఆరు నిమిషాలు నడిపించింది. 358.5 మీటర్లు కూడా నడవలేనివాళ్ళ కన్నా 450 దాటినవాళ్ళలో మరణం ముప్పు సగానికి తక్కువగా కనిపించింది. ప్రతి 50 మీటర్లకూ ముప్పు 13 శాతం చొప్పున తగ్గింది. పీఎస్‌ను లెక్కలోకి తీసుకున్నాక కూడా నడక తనంతట తాను చెప్పేది కొంత మిగిలే ఉంది. 2015లో ఆస్ట్రేలియాలో కేథరిన్ గ్రేంజర్ బృందం ఇంకో పనికొచ్చే లెక్క తేల్చింది. ఈ రోగుల్లో ఎంత తేడా వస్తే దాన్ని నిజమైన తేడా అనుకోవాలి? 22 నుంచి 42 మీటర్లు. అంటే మావయ్య తర్వాతి నెలలో 330 నడిస్తే నేను కంగారు పడనక్కర్లేదు. 290 నడిస్తే ఫోన్ ఎత్తాలి.

ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళ విషయంలో అయితే సర్జన్లు ఈ సంగతి ఎప్పుడో ఒప్పుకున్నారు. బీప్ చప్పుడుకు తగ్గట్టు వేగం పెంచుతూ పది మీటర్ల దారిలో అటూ ఇటూ నడిపించే షటిల్ పరీక్షలో 400 మీటర్లు దాటకపోయినా, మెట్లు ఎక్కిస్తే 22 మీటర్ల ఎత్తు చేరకపోయినా, కత్తి పట్టే ముందు ఇంకా లోతైన పరీక్ష చేయించమని 2013 నాటి అమెరికన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఊపిరితిత్తిలో ముక్క తీయడానికి ముందు నడిపించి చూడాలన్నప్పుడు, మూడు వారాలకొకసారి ఒళ్ళంతా పాకే మందు ఎక్కించే ముందు ఎందుకు చూడకూడదు?

టైము లేదంటారు. నిజమే, రెండు నడకలూ మధ్యలో విశ్రాంతీ కలిపితే గంట పడుతుంది. ప్రతి రోగికీ ప్రతిసారీ గంట ఎవరూ ఇవ్వలేరు. కానీ నాలుగు మీటర్లు మామూలుగా నడవమని వాచీ పట్టడానికి నిమిషం కూడా పట్టదు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనడానికి ఇంకో నిమిషం. ఆసియా దేశాల నిపుణులు 2019లో చెప్పినదాని ప్రకారం సెకనుకు ఒక మీటరు కన్నా నెమ్మదిగా నడిచినా, ఐదుసార్లు లేవడానికి 12 సెకన్లు, ఆపైన పట్టినా శరీర సామర్థ్యం తగ్గిందని అనుకోవాలి. డాక్టరు చేయనక్కర్లేదు. బరువు చూసే నర్సు బరువుతోపాటే చూడగలదు. బరువు చూడటానికి మనకెప్పుడూ టైము దొరుకుతుంది కదా. ఇందులో తేడా కనిపించినవాళ్ళకే గంట పరీక్ష పెట్టుకోవచ్చు.

నన్ను నిజంగా ఆలోచింపజేసిన అభ్యంతరం వేరేది. మా దగ్గర పనిచేసే ఒక కుర్ర డాక్టరు అడిగాడు. "మేడమ్, రేపు ఇదే అంకె పట్టుకుని 'మీ నాన్నగారు 300 నడవలేదు, వైద్యం దండగ' అంటే? ఇప్పుడు కనీసం డాక్టరు దయతలచి 3ను 2 అని రాసే వీలుంది. మీటర్లకు దయ ఉండదు."

ఈ భయం నిజమైనదే. దీనికి నా దగ్గర ఒక్క వాక్యంలో జవాబు లేదు. కానీ 2009లో జపాన్‌లో జరిగిన ఒక అధ్యయనం నా మనసులో ఎప్పుడూ ఉంటుంది. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పున్న ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు, కీమోకు పనికిరానంత నీరసించినవాళ్ళు, సుమారు 30 మంది. వాళ్ళకు ఆ మార్పును గురిపెట్టే జెఫిటినిబ్ మాత్ర ఇచ్చారు. మొదట్లో పీఎస్ 3 లేక 4లో ఉన్నవాళ్ళలో 68 శాతం మంది 1కో సున్నాకో వచ్చారు. మంచం మీద ఉన్నవాళ్ళు లేచి తిరిగారు. అంటే తక్కువ అంకె వచ్చినప్పుడు వైద్యం ఆపాలా అన్నది మొదటి ప్రశ్న అవకూడదు. ఎందుకు తక్కువ వచ్చింది? కణితి వల్లనా? అయితే దానికి సరిపడే మాత్ర ఉందేమో పరీక్ష చేశారా? రక్తం తక్కువై నడవలేకపోతున్నాడా? ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా? నొప్పా? నడిస్తే పడిపోతానన్న భయమా? తొడ కండా? వీటిలో ఒక్కొక్కదానికీ వేరే వైద్యం ఉంది. కంటితో చూసి వేసిన 3 ఈ ప్రశ్నలేవీ అడగనివ్వదు, ఎందుకంటే ఆ 3 వెనక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. 336 వెనక ఆక్సిజన్ ఉంది, నాడి ఉంది, తొడలు పీకుతున్నాయన్న మాట ఉంది. దయ ఆ మాట వినడంలో ఉందని నేను ఆ కుర్రాడితో చెప్పాను. అతను పూర్తిగా ఒప్పుకోలేదు. ఇలాంటి కొలతలు రోగిని బయటికి పంపడానికి వాడకుండా కాపలా ఉండాల్సింది మనమేనన్నాడు. ఆ మాట నేను ఒప్పుకున్నాను.

తక్కువ వచ్చిన అంకెను పెంచవచ్చు కూడా. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో వ్యాయామం మీద జరిగిన ఆరు అధ్యయనాలను, 221 మంది రోగులను కలిపి 2019లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. వ్యాయామం చేసినవాళ్ళు చేయనివాళ్ళ కన్నా సగటున 63 మీటర్లు ఎక్కువ నడిచారు. గ్రేంజర్ లెక్కలో అది నిజమైన తేడాయే. మావయ్యకు నేను ఇచ్చింది పెద్ద వ్యాయామమేమీ కాదు. నులక మంచం ఎత్తు సరిపోదని చెక్క కుర్చీలోంచి పొద్దున పది, సాయంత్రం పదిసార్లు లేచి కూర్చోవడం. డాబా మెట్లు ఐదు ఎక్కి దిగడం. టీకొట్టు నడక మానకపోవడం. రోజుకు రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టిపప్పు. ఒక పాత నోటుపుస్తకంలో అత్త గీతలు గీసేది.

ఆ పుస్తకంలో చివరి పేజీ నుంచి వెనక్కి నా అంకెలుండేవి. రెండో విడత కీమోకు ముందు 341. నాలుగో విడత తర్వాత 371. ఆరు విడతలూ అయిపోయి మందు ఆపాక 350. తర్వాత చూపించుకోవాల్సిన రోజుకు ఇంకా నెల పైన ఉండగా ఒక ఆదివారం వచ్చాడు. "ఎలా ఉన్నావు మావయ్యా" అంటే "బ్రహ్మాండం" అన్నాడు. మాటలో తేడా లేదు, ముఖంలో నాకు తేడా కనిపించలేదు. 262 వచ్చింది. నేను తప్పు లెక్కపెట్టానేమోనని అరగంటాగి మళ్ళీ నడిపించాను. 259. పడుకునే ముందు కాస్త గుండె దడగా ఉంటోందని అప్పుడు చెప్పాడు, అదీ అత్త వినకుండా. మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.1. రక్తం ఎక్కించాక పది రోజులకు 318. బ్రహ్మాండం అన్న మనిషి మాటనే నమ్ముకుని ఉంటే ఇంకో నెల అలాగే గడిచేది.

ఒక విషయంలో మాత్రం ఈ పరీక్షలన్నీ నాకు చాలవు. ఇవి పుట్టిన దేశాల్లో మనిషి నేల మీద కూర్చోడు. క్యాన్సర్ రోగుల జీవితం ఎలా ఉందో అడిగే యూరప్‌వాళ్ళ ప్రశ్నపత్రం ఒకటుంది, 1993లో అచ్చయింది. దాన్ని 13 దేశాల్లో 305 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీదే పరీక్షించి చూశారు. మొదటి ఐదు ప్రశ్నలు శరీరం గురించే: బరువు సంచి మోయడం, దూరం నడవడం, ఇంటి బయట కాస్త నడవడం, పగలు మంచంలోనో కుర్చీలోనో ఉండాల్సి రావడం, తినడానికి, బట్టలు వేసుకోవడానికి, స్నానానికి, మరుగుదొడ్డికి సాయం కావడం. మంచి ప్రశ్నలు. కానీ నేల మట్టానికి కూర్చుని లేవడం గురించి వాటిలో లేదు, మావయ్య నన్ను అడిగింది దాని గురించే. గొంతుకూర్చునే మరుగుదొడ్లో లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోందనీ, ఎవరినైనా పిలవాల్సిన రోజు వస్తే ఎలాగనీ అడిగాడు. మన ఊళ్ళలో డెబ్బై ఏళ్ళ మనిషికి పరువంతా అక్కడుంది. బావి దగ్గర బకెట్ ఎత్తడం, పీట మీద నుంచి లేవడం, గుడి మెట్లు, బస్సు మొదటి మెట్టు. నా కాగితంలో ఇప్పుడు వీటికి నాలుగు గళ్ళు చేర్చుకున్నాను: నేల మీద నుంచి లేవడానికి చేయి సాయం కావాలా, దొడ్లో గోడ పట్టుకోవాలా, సగం బకెట్ ఎత్తగలరా, బస్సెక్కగలరా. ఇవి ఏ సంస్థా ఆమోదించిన కొలతలు కావు. అయినా ఏ ఫిజియో అడిగినా ఆ కాగితం ఇస్తాను.

మావయ్య పద్నాలుగు నెలలున్నాడు. అందులో నడక వల్ల వచ్చినవెన్నో నేను చెప్పను, ఎవరూ చెప్పలేరు. పదకొండు నెలలు టీకొట్టుకు తన కాళ్ళ మీద వెళ్ళాడు, అది మాత్రం పుస్తకంలో ఉంది.

ఆఖరిసారి తీసుకొచ్చినప్పుడు నేను కొలవలేదు. కుర్చీలో కూర్చుని కూడా రొప్పుతున్నాడు. కొలిచి ఏం మారుస్తానని నాకనిపించింది. నేల మీద ఎర్ర టేపు ముక్కలు చూసి, "ఇవాళ లేదా?" అన్నాడు. "అలసిపోయావు గదా, ఈసారికి వద్దులే" అన్నాను. ఏమీ అనలేదు. ప్రతిసారీ నడక కాగానే "ఎంతొచ్చినయ్?" అని మార్కులు అడిగిన పిల్లాడిలా అడిగే మనిషి ఆ రోజు అడగడానికి ఏమీ లేక వెళ్ళిపోయాడు. నేను చేసింది సరైనదేనని పుస్తకాలంటాయి. నా మనసుకు ఇప్పటికీ సరిపడలేదు.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే ఫోన్. అత్త చేసి ఆయన చేతికిచ్చింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీలుస్తూ చెప్పాడు. "అమ్మాయ్, మంచం కాడ నుంచి గేటు దాకా పోయొచ్చా. నలభై ఆరు అడుగులు. పోను. రాను ఇంకో నలభై ఆరు. మధ్యలో ఒకసారి ఆగా. రాసుకో."

రాసుకున్నాను. తేదీ వేసి, మీటర్ల గడి కొట్టేసి, అడుగులు 92, ఆగింది 1 అని.